డెక్కులో నాయిన గొంతు

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. గొప్పకు చెప్పడం లేదు. దానివల్ల నాకు జరిగిన నష్టం ఏమిటంటే, ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా దాన్ని నడపడం నాకు తెలిసే ఉంటుందని మా వాళ్ళ నమ్మకం. గ్యాస్ పొయ్యి వచ్చినప్పుడు నన్నే పిలిచారు. ఇంటి మీద డిష్ పెట్టినప్పుడు నన్నే పిలిచారు. బి.కాం.లో ఇవేవీ చెప్పరు అంటే మా అవ్వ వీరమ్మ ఒప్పుకోదు. మా వైపు అమ్మను అవ్వ అంటాం.

"మరి అన్నేండ్లు ఏం సదివినవ్ రా?" అంటుంది.

అందుకని నాకొక అలవాటు పడింది. ఎవరేం చూపించినా "తెలుసు, తెలుసు" అంటాను. తర్వాత తలుపేసుకుని ఆ వస్తువుతో కుస్తీ పడతాను.

2013లో కారు కొన్నప్పుడూ అదే జరిగింది. అప్పటికి కోదాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్తున్నాను. మిర్యాలగూడలో బియ్యం మిల్లు నడిపే ఓంప్రకాష్ గారి కొడుకు ఉమేష్ పెద్ద బండికి మారుతూ పాతది అమ్మకానికి పెట్టాడు. ఇంజను చూపించాల్సింది పోయి అతను పాటలు మోగే డెక్కునే చూపించాడు. అరచేయంత టచ్ స్క్రీను. రేడియో అందులోనే, ఫోను అందులోనే, దారి చెప్పే మ్యాపూ అందులోనే.

"సార్, ఫోన్ చేత్తోని ముట్టే పనే లేదు. మీ జేబుల ఉంటే సాలు. కారే లేపుతది, కారే మాట్లాడిస్తది. దారి తెల్వకుంటే గీ మేడమ్ చెప్తది. ఆమెను బందు చేసుడు ఎట్లనో సూపిస్త, జర ఆగుర్రి..."

"తెలుసు, తెలుసు," అన్నాను.

ఉమేష్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ వేలు స్క్రీను మీద ఏ గుర్తు దగ్గరికి పోబోయిందో ఇవాళ్టికీ నాకు తెలియదు.

డెక్కుతో పాటు ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. దాన్ని పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ పరీక్షకు చదివినట్టు చదివాను. రెండో అధ్యాయం మీద ఐదు మార్కుల ప్రశ్న వస్తే ఇప్పుడైనా రాయగలను. ఫోనును కారుతో కలపడం వచ్చింది, విడదీయడం రాలేదు. రేడియో దానంతటదే మోగేది. గాలి బాగున్న రోజు కోదాడలో విజయవాడ స్టేషను పలికేది, మునగాల దాటేసరికి గరగరమనేది. ఆపడం రాక ఆ గరగర వింటూనే సూర్యాపేట దాకా పోయిన రోజులున్నాయి.

ఒకసారి మా ప్రిన్సిపాల్ దానియేలు గారిని సూర్యాపేటలో మీటింగు ఉంటే ఎక్కించుకున్నాను. ఆయన స్క్రీను చూసి ముచ్చటపడ్డారు.

"బాగుందండీ మహేశ్వర్ గారూ, విమానంలో కూర్చున్నట్టుంది," అన్నారు.

నేను ఇంకా ఆ మాట అనుభవిస్తూనే ఉన్నాను, అవ్వ ఫోను వచ్చింది. కారే లేపింది. మా అవ్వకు హలో అనే అలవాటు లేదు.

"ఏం రా, మొలలకు మందు రాసుకున్నవా?" అంది నాలుగు స్పీకర్లలోంచి. "మొన్నటి లెక్కనే మంట లేస్తున్నదా, తగ్గిందా?"

"అవ్వా, మళ్ళ చేస్త!"

"మళ్ళ ఏంది? గింత మజ్జిగ తాగుమంటే తాగవు. పొద్దంత కుర్చీల కూసుంటవు. గట్ల కూసుంటే మొలలు రాక ఏమొస్తయి?"

దానియేలు గారు సూర్యాపేట వచ్చేదాకా కిటికీలోంచి పొలాలే చూశారు. "ఈ ఏడు వరి బాగా వేశారండీ," అని మాత్రం అన్నారు. మర్నాడు స్టాఫ్ రూములో నా కుర్చీలో ఎవరో మెత్తటి దిండు పెట్టారు. ఎవరని నేను అడగలేదు. దాని మీదే కూర్చున్నాను, సుఖంగానే ఉంది.

ఇంత జరిగినా డెక్కును పీకించలేదు. పీకిస్తే, నాకు తెలియదని ఊరంతా డప్పు కొట్టినట్టే కదా.

ఇక అసలు సంగతి. మా నాయిన పేరు పెద్దయ్య, గొర్రెల కాపరి. మాది మోతె పక్కన పల్లె. వరి కోతలయ్యాక నాయిన మందను తోలుకుని గరిడేపల్లి, పాలకీడు వైపు పోతాడు. అక్కడి రైతులు కోసిన మడిలో రాత్రి మందను పెట్టించుకుంటారు. ఆ ఎరువుతోనే వాళ్ళ తర్వాతి పంట. ఎవరి మడిలో ఏ రాత్రి పెట్టాలో ముందే మాట అయిపోతుంది. మాట తప్పిన కాపరిని ఆ రైతు మళ్ళీ పిలవడు.

నాయినకు చాలా ఏళ్ళుగా హెర్నియా. నడుముకు రుమాలు బిగించి కట్టుకుని నెట్టుకొచ్చాడు. ఆ ఏడు కోతల నాటికి నొప్పి ముదిరింది. సూర్యాపేటలో డాక్టరు ఇక ఆపొద్దన్నాడు.

"మందనెవడు సూస్తడు?" అన్నాడు నాయిన.

"తమ్ముడు లేడా?" అన్నాను. తమ్ముడు తిరుపతి మొన్నటి దాకా ఆటో నడిపాడు. నాయినతో మంద వెంట తిరగడం ఈ మధ్యే మొదలుపెట్టాడు.

"వాని గొంతు గొర్లకు ఇంక ఎరుక గాలే."

"నేను సూస్కుంట నాయినా. మందకు ఏం గాదు. నా మాట."

"నువ్వా? కాలేజీల పోరగాండ్లే నీ మాట ఇనరంటివి. గొర్లు ఇంటయా?"

అలా అన్నా, చివరికి నా మాట మీదే ఆపరేషన్ బల్ల ఎక్కాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి గట్టిగా చెప్పాడు. "బరువెత్తొద్దు, అరవొద్దు, మంచం దిగి తిరగొద్దు. కుట్లు తెగితే మళ్ళీ కోయాలి. ఈ వయసులో రెండోసారి తట్టుకుంటాడని నేను మాత్రం చెప్పలేను."

మర్నాడు మధ్యాహ్నం నేనూ అవ్వా కారులో కూర్చుని పొద్దుటి ఇడ్లీ తింటున్నాం. దవాఖాన గోడ నీడలో కారు ఆపాను. అద్దాలు దించి ఉన్నాయి. నాయిన వార్డు కిటికీ సరిగ్గా మా పక్కనే ఉందని అప్పుడు నేను ఆలోచించలేదు. డెక్కులో ఎప్పటిలాగే గరగర. అది టక్కున ఆగి తిరుపతి గొంతు పేలింది.

"అన్నా! మంద కలిసిపోయిందే! కాల్వ వంతెన కాడ సైదయ్య మామ మంద ఎదురొచ్చింది. మనయన్ని అండ్ల పడ్డయి. ఎంత పిలిచినా ఒక్కటి రాట్లే. మామ పొద్దుగూకేవరకు పాలకీడు కాడ మంద పెట్టాలెనంట, మాటిచ్చిండంట. ఆగుతలేడు. మనయి గూడ ఆయనెంటనే పోతయే!"

ఇడ్లీ ముక్క నా చేతిలోనే ఉండిపోయింది.

"మెల్లగ మాట్లాడు రా! మీ నాయిన ఇంటడు!" అని అవ్వ అరిచింది. తిరుపతి మాట ఎవరికైనా వినపడకపోయి ఉంటే, అవ్వ మాటతో ఆ కొరత తీరింది.

కిటికీలోంచి నాయిన గొంతు వచ్చింది. "నా కట్టె ఏది?"

ఈ కబురు మామూలు ఫోనులో, చెవి దగ్గర పెట్టుకుని విని ఉంటే ఏదో ఒక అబద్ధం చెప్పి దాచేవాణ్ణి. చేత్తో ముట్టే పని లేకుండా మా కారు దాన్ని వార్డు మొత్తానికీ వినిపించింది.

నేను లోపలికి పరిగెత్తేసరికి నాయిన లేచి కూర్చున్నాడు. ఒక కాలు కిందికి దిగింది.

"నాయినా, పండుకో. కుట్లు!"

"కుట్లు మళ్ళ ఏసుకోవచ్చు. కలిసిన మంద ఒక్కకాడ ఉంటదా? సైదయ్య మంచోడే. కని ఆయన మంద రేపు ఇంకోని మందల కలుస్తది, వానిది ఇంకోని మందల. మనయి ఏడున్నయో ఊరూరు తిరగాలె."

"నేను పోయి తెస్త."

"నువ్వు పోయి ఏం జేస్తవ్? హాజరు తీస్కుంటవా?"

పక్క మంచం మీది ముసలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయనకూ కొత్తగా కుట్లు పడ్డాయి, "నవ్వియ్యకు పెద్దయ్యా" అని బతిమాలాడు.

"పొద్దుగూకేలోపల మనయి మనకు రావాలె," అన్నాడు నాయిన. "రాకుంటే ఆటో మాట్లాడుకొని నేనే వస్త. మీ అవ్వ మీద ఒట్టు."

"నీ గొర్ల కోసం నా మీదెందుకు ఒట్టు? నీ మీదనే ఏస్కో!" అంది అవ్వ. కానీ ఆయన కట్టె తీసి కారు డిక్కీలో పెట్టమని నా చేతికిచ్చింది. నాయిన ఒట్టు వేస్తే ఎంత పనైనా చేస్తాడని మా ఇద్దరికీ తెలుసు.

దారిలో తిరుపతికి మళ్ళీ ఫోను చేసి ఎక్కడికి రావాలో అడిగాను. "మొన్న మన కుక్క పిల్లలు పెట్టిన కాడికెళ్ళి దిగి, నాయినకు తేలు కుట్టిన తాటిచెట్టు ఉంటది సూడు, గాడికెళ్ళి ముంగటికి" అన్నాడు. ఆ రెండు సంఘటనలప్పుడూ నేను కోదాడలో పేపర్లు దిద్దుతున్నాను. ఇక ఉమేష్ చెప్పిన డెక్కులోని మేడమే దిక్కని, మ్యాపులో పాలకీడు పెట్టాను.

గరిడేపల్లి దాకా ఆమె బుద్ధిగానే చెప్పింది. కొంత దూరం పోయాక "టర్న్ లెఫ్ట్" అంది. ఎడమకు చూస్తే సాగర్ కాల్వ కట్ట. బండ్లు తిరిగే రోడ్డు నేరుగా కళ్ళ ముందే ఉంది. అయినా చదువుకున్న ఆడమనిషి, ఇంగ్లీషులో, అంత మర్యాదగా చెప్తుంటే కాదనడం నావల్ల కాలేదు. కట్ట ఎక్కించాను. ఒక పక్క నిండా నీళ్ళు, ఇంకో పక్క లోతున పొలాలు. మధ్యలో నా కారు, నాలుగు చక్రాలకూ సరిపోయేంత చోటు. తిప్పుకునే వీలు లేదు. చెమటలు కారుతుండగా వంతెన కనపడింది. దాని ఇవతల కట్ట మీద, దిగువన కోసిన మళ్ళల్లో, ఎటు చూసినా గొర్రెలే.

సైదయ్య మామ గొడుగు కింద నిలబడి బీడీ తాగుతున్నాడు. మాకు ఏమీ కాడు, వరసకు మామ.

"అరె, సారు అల్లుడు! కట్ట మీదికి కారు తెచ్చినోడివి నువ్వే మొదలు. రోడ్డు పాడైందా ఏంది?"

"లేదు మామా, ఇది దగ్గరి దారి. తెలుసుకొనే వచ్చిన," అన్నాను.

తిరుపతి గొంతు అప్పటికే బొంగురుపోయింది. మా గొర్రెల చెవులకు మా గాటు ఉంటుంది. ఒక్కొక్కదాని చెవి చూసి, పట్టి లాగుతున్నాడు. అతను ఒకటి లాగి రెండోదాని కోసం పోయేలోగా మొదటిది మళ్ళీ మందలోకి పోతోంది.

"పొద్దు వాలుతున్నది అల్లుడా," అన్నాడు మామ. "నా మాట గూడ సూడాలె గద. ఇంకెంతసేపు ఆగుత?"

నేనూ పిలిచి చూశాను. నాయిన పిలిచే తీరు చిన్నప్పటి నుంచి విన్నదే. నాలుకను అంగిలికి ఆనించి "ట్ర్ర్ర్... హో... హోయ్" అన్నాను. గొర్రెలు నమలడం ఆపి నావైపు చూశాయి. ఆ చూపు నాకు బాగా పరిచయం. మధ్యాహ్నం క్లాసులో తరుగుదల లెక్కలు మొదలుపెట్టినప్పుడు పిల్లలు చూసే చూపు. తర్వాత మళ్ళీ నమలసాగాయి.

తిరుపతి నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయాడు. "అన్నా, నీకు దండం పెడత, ఇంకోసారి పిలువకు. ఉన్నయి గూడ పోతయి."

అప్పుడు మోగింది ఫోను. నా జేబులో కాదు. తలుపులు తీసి వదిలేసిన కారులో. కారే లేపింది.

"కొడుకా! ఏమాయెరా?" అంది ఖాళీ కారు, నాయిన గొంతుతో.

కారు పక్కన మేస్తున్న మా బొల్లి గొర్రె తలెత్తింది. దాని పక్కది తలెత్తింది. రెండూ కారు దగ్గరికి వచ్చి తలుపులోంచి లోపలికి చూశాయి.

"ఓరి నీ!" అన్నాడు సైదయ్య మామ, బీడీ పడేసి. "అల్లుడా, మీ నాయినతోని పిలిపియ్యి!"

నేను సీటులోకి దూకాను. "నాయినా, గొర్లను పిలువు! నీ గొంతు ఈడ ఇనొస్తున్నది!"

నాయిన గట్టిగా ఊపిరి పీల్చడం వినిపించింది. వెంటనే అరవొద్దని అవ్వ గొంతు. "ఒర్లకు! కుట్లు!"

"ఒర్లకుంటే ఎట్ల ఇంటయే?"

"నాయినా, మెల్లగనే పిలువు. చెవిల చెప్పినట్టు. మిగిలింది నేను సూస్కుంట," అన్నాను. ఆ డెక్కులో నాకు నిజంగా తెలిసింది ఒక్కటుంది. గొంతు పెంచే గుండ్రటి బిళ్ళ. దాన్ని చివరిదాకా తిప్పాను.

సూర్యాపేట మంచం మీద నాయిన గుసగుసలాడాడు. కాల్వ కట్ట మీద అది ఉరిమింది.

"ట్ర్ర్ర్... హో... హోయ్... రాండ్రి... రాండ్రి..."

దిగువ మడిలో కదలిక పుట్టింది. ఇక్కడొకటి, అక్కడొకటి తలలు లేచాయి. మందలోంచి మా గొర్రెలు సందు చేసుకుని కట్ట ఎక్కసాగాయి. సైదయ్య మామ అవతల నుంచి తన వాటిని తన కూతతో పట్టి ఉంచాడు. మజ్జిగలోంచి వెన్న తేలినట్టు మా మంద కారు ముందు పేరుకుంటోంది. తిరుపతి ఎగిరి గంతేశాడు. నేను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఇదంతా నా చదువు పుణ్యమే అనుకోవడం మొదలుపెట్టాను.

"మేక్ ఎ యూ టర్న్," అంది మేడమ్.

ఆమె మాట్లాడితే డెక్కు మిగతా అందరి నోరూ మూయిస్తుంది. నాయిన గొంతు మాయమైంది. నాయిన కోసం పెంచిన గొంతుతో ఆమె ఇంకోసారి చెప్పింది. ముందు వరస గొర్రెలు బెదిరి వెనక్కి తిరిగాయి.

నాయిన గొంతు మళ్ళీ వచ్చింది. "ఎవర్రా ఆమె?"

"ఎవరు లేరు నాయినా, నువ్వు పిలువు!"

"ఆడామె మాట్లాడె గద! అమ్మా, నీకు దండం, మా గొర్లు బెదురుతయి, జర..."

"మేక్ ఎ యూ టర్న్."

"కార్ల ఎవత్తున్నది రా నీతోని?" ఇది అవ్వ.

నేను స్క్రీను మీద కనపడ్డ గుర్తులన్నీ నొక్కాను. ఒకటి నొక్కితే మ్యాపు పెద్దదైంది. ఇంకోటి నొక్కితే విజయవాడ నుంచి ఎవరో పురుగుమందు గురించి చెప్పారు. దాన్ని ఆపబోతే నాయిన ఫోనే తెగబోయింది, చేతులు వెనక్కి తీసుకున్నాను. మా మంద సగం కారు ముందు, సగం మళ్ళీ దిగువకు.

"ఆమెను బందు చెయ్యవేందే?" అని తిరుపతి కేకేశాడు.

"నాకు తెల్వది రా!" అని అరిచాను. కట్ట మీద ఆ మాట బాగా దూరం వినపడింది. నాయిన ఫోనులో కూడా వినపడి ఉంటుంది.

తిరుపతి కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఆమె ఏమంటున్నది?"

"వెనక్కి తిరుగుమంటున్నది."

"మంచిగనే చెప్తున్నది గద! మనకు గూడ మందను వెనక్కే తీస్కపోవాలె. తిరగరాకుంటే రివర్సుల పో. నేను ఎనక నిలబడి సూస్త."

అలా బయలుదేరాను. కారు వెనక్కి నడుస్తోంది, నేను మెడ తిప్పి వెనకద్దంలోంచి చూస్తున్నాను, తిరుపతి ఆటో స్టాండులో అన్నట్టు "రానియ్, రానియ్, లెఫ్ట్ కొట్టు" అంటున్నాడు. కారు ముందు మా మంద, నా ముఖంలోకి చూస్తూ, నాయిన గొంతు వెంట నడిచి వస్తోంది. నాయిన గుసగుస, మధ్యలో మేడమ్, మళ్ళీ నాయిన గుసగుస. మొదట రెండు మూడు సార్లు బెదిరాయి. తర్వాత గొర్రెలు ఆమెకు అలవాటు పడ్డాయి. ఇంటిల్లిపాదీ కలిసి పిలుస్తున్నారనుకున్నాయేమో. అవతల నుంచి సైదయ్య మామ కేక వినపడింది. "అల్లుడా, నాయి ఒకటి రెండు వస్తే రానియ్యి, చెవి సూసి మళ్ళ పంపుదురు!"

కట్ట దిగి రోడ్డు పక్క మడిలో ఆగాక నాయిన అడిగాడు. "బొల్లిది వచ్చిందా?"

"వచ్చింది నాయినా," అన్నాడు తిరుపతి కిటికీలో తల పెట్టి.

"కుంటి పొట్టేలు?"

"గిదే, కారు టైరు నాకుతున్నది."

 ఫోనులో మంచం కిర్రుమంది. అవ్వ గొంతు మొదటిసారి మెల్లగా వచ్చింది. "పండుకున్నడు కొడుకా. కాళ్ళు పైకి పెట్టుకున్నడు." అటు వంతెన మీద సైదయ్య మామ మంద పాలకీడు వైపు కదిలింది. ఇంకా పొద్దుంది.

నేను స్టీరింగు మీద తల ఆనించాను. హారన్ మోగింది. మంద బెదరలేదు కానీ తిరుపతి తిట్టాడు.

కుట్లు విప్పిన రోజు నాయిననూ అవ్వనూ కారులో ఇంటికి తీసుకెళ్ళాను. డాక్టరు కుట్లు చూసి, బుద్ధిమంతుడివి పెద్దయ్యా అని మెచ్చుకున్నాడు. నాయిన ముందు సీట్లో కూర్చుని చుట్టూ చూశాడు.

"ఆ బిడ్డ ఏది?"

"ఏ బిడ్డ నాయినా?"

"మన మందను మలిపిన బిడ్డ. మందను మలిపినోళ్ళను ఉత్త చేతులతోని పంపొద్దు." అంటూ భుజం మీది గొంగడి తీసి, మడతపెట్టి, డెక్కు మీద కప్పాడు.

"నాయినా, అది మిషిన్."

"నాకు తెల్వదా? దానికి తెల్వకున్నా మన పద్ధతి మనది. ఇంగోటి, నీకు ఆమెను బందు చేసుడు రాదంట గద, నేను ఇన్న. గీ గొంగడికన్న గొంతు తగ్గుతదేమో సూద్దాం."

వెనక సీట్లో అవ్వ కిసుక్కుమంది. "అన్నేండ్లు సదివి..." అని మొదలుపెట్టి ఎందుకో ఆపేసింది.

ఇంటికి చేరాం. ఆ పూటకు తిరుపతి మందను ఇంటి దగ్గరికి తోలుకొచ్చాడు. నేను కోదాడ పోవాలి, మర్నాడు పొద్దున్నే క్లాసుంది. కారు స్టార్ట్ చేశాను. గొంగడి కింద నుంచి, జలుబు చేసిన గొంతుతో, మేడమ్ "టర్న్ లెఫ్ట్" అంది.

దొడ్లో పడుకున్న మంద మొత్తం లేచి నిలబడింది. కారు ముందుకొచ్చి, నా ముఖంలోకి చూస్తూ ఆగింది.

"ఇంక సూస్తవేంది?" అన్నాడు నాయిన అరుగు మీద నుంచి. "రివర్సుల పో. నీకు వచ్చిన పని అదొక్కటే."

మెడ తిప్పి, వెనకద్దంలోంచి చూస్తూ, వచ్చిన దారినే వెనక్కి పోనిచ్చాను. ఊరి చివరి దాకా మంద నన్ను సాగనంపింది.